మా చేనులోంచి పెద్దబాపు తోటకు పోయిన నీళ్లు

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం పొద్దున మోటారు వేస్తే బోరు గొట్టంలోంచి నీళ్లకు బదులు గాలి వచ్చింది. బుస్సుమని గాలి... కాసేపటికి ఎర్రటి నీళ్లు... మళ్లీ గాలి.

తెలంగాణ వచ్చిన కొత్త. నేను అప్పుడు ఆరో తరగతి. దేవరకొండ దగ్గర మా ఊళ్లో పెద్దబాపుకూ, మా బాపుకూ, చిన్నబాపుకూ, ముగ్గురు అన్నదమ్ములకూ కలిపి ఒకటే బోరు. వంతులు వేసుకుని పారించుకునేవారు. ఆ ఏడు వానల్లేక బోరు అడుగంటింది. వచ్చే ఆ సన్నటి ధార ముగ్గురి పొలాలకూ ఎలా సరిపోతుంది?

ఆ సాయంత్రమే స్టార్టరు డబ్బా దగ్గర అందరూ కూర్చున్నారు. బర్రెలు తాగే గోలెం అంచు మీద మా అవ్వ. పెద్దబాపు, బాపు, చిన్నబాపు గట్టు మీద. అమ్మ కొంచెం ఎడంగా నిలబడింది.

"ముగ్గురికి పంచితె ముగ్గురియి ఎండుతయ్. ఒక్కలదన్న బతకాలె" అన్నాడు చిన్నబాపు.

ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలుసు. పెద్దబాపుది బత్తాయి తోట. ఏళ్లు పెంచిన చెట్లు. మాది అమ్మ వేసిన టమాట, బెండ. పోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు... కానీ ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

"నోరు తెరిసి చెప్పుర్రి. ఒక్కలు కాదన్నా వంతులు ఎప్పటి లెక్కనే నడుస్తయ్" అంది అవ్వ.

అమ్మే నోరు తెరిచింది. "చెట్లు బావయి. నీళ్లు మాత్రం అందరియా?"

బాపు తల దించుకున్నాడు. పెద్దబాపు మాత్రం కోపం చేసుకోలేదు.

"నువ్వన్నది నిజమే పద్మా. తోటంత బతికియ్యమని అడుగుత లేను. కింద సగం ఇడిసిపెడత. పైన సగానికి నీళ్లియ్యుర్రి. కాపు వస్తే మూడిండ్లకు సమానం."

అందరూ అమ్మ వైపే చూస్తూ ఆగారు. చివరికి, "బర్రెలకు గోలెం నిండాలె. ఇంట్ల తాగ నీళ్లకు అడ్డం రావొద్దు. గట్లయితె సరే" అంది.

అమ్మ ఒప్పుకుంది గానీ నేను ఒప్పుకోలేదు... నన్ను ఎవరు అడిగారు గనుక!

నీళ్ల పైపు సరిగ్గా మా టమాట చేను మధ్యలోంచే పోయేది. చెవి ఆనిస్తే లోపల నీళ్లు పోతున్న చప్పుడు. పక్కనే మా మొక్కలు తలలు వాల్చేసి... ఆ పైపును కాలితో తన్నాలనిపించేది.

పెద్దబాపు బిడ్డ స్వప్న, నేను ఒకటే తరగతి, ఒకటే బెంచీ. రోజూ సాయంత్రం అది తోటలో పాదులు తడిపి, చీలమండల దాకా బురదతో ఇంటికి వచ్చేది. నా కాళ్లకేమో దుమ్ము. ఆ బురద చూస్తే నాకు కడుపు మండిపోయేది. కొత్త గౌను చూసి కుళ్లుకునే పిల్లలుంటారు... నేను బురద కాళ్లు చూసి కుళ్లుకున్నాను.

ఒకరోజు ఆపుకోలేక అనేశాను. "నీకేందే... నీళ్లన్ని మీకే!"

స్వప్న నా చెయ్యి పట్టి తోట కింది భాగానికి లాక్కెళ్లింది. ఆకులు ముడుచుకుపోయి, పిందెలు రాలి... తొక్కితే కరకరమంటున్నాయి.

"గివి మా అమ్మ పెట్టినయ్. బోరు లేనప్పుడు బిందెలతోని మోసి పెంచింది. ఏ సగం ఇడవాల్నో మా అమ్మను ఎవరన్న అడిగిండ్రా? మీ అమ్మ సరే అనేదాక అందరు ఆగిండ్రు. నాకు మీ అమ్మను చూస్తెనే కుళ్లయితది."

దానికి మా మీద కుళ్లు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గరున్న అమ్మకు చెప్పాను. వింటూ రొట్టె మాడబెట్టింది. తెల్లారాక పెద్దమ్మను వెంటబెట్టుకుని తోటకు పోయింది. వెనకాలే స్వప్న, నేను.

"అక్కా... ఏ చెట్లు ఉంచాల్నో నువ్వు చెప్పు" అంది అమ్మ.

పెద్దమ్మ ముందు నవ్వింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఒక్కో చెట్టు కొమ్మ గిల్లి, లోపల పచ్చిగా ఉందో లేదో చూసింది. కింది సగంలో ప్రాణమున్న వాటికి పాత చీర పేలికలు కట్టింది. పై సగంలో ఎలాగూ పోయేట్టున్న వాటిని వదిలేయమంది.

అప్పటికే తోటలో ఉన్న పెద్దబాపు మొహం చిట్లించాడు. "మొన్ననే చెప్పొద్దా?"

"మొన్న అడిగినవా?" అంది పెద్దమ్మ.

ఆయన పైపు భుజాన వేసుకుని, తానే కిందికి లాక్కెళ్లాడు.

వానలు పడేదాకా ఆ చెట్లు బతికాయి. మా టమాట మాత్రం పూర్తిగా పోయింది. తర్వాతి కాపుకు అన్న మాట ప్రకారం మూడు ఇళ్లకూ గంపలు వచ్చాయి. మూడూ సమానమే అని అవ్వ చెప్పింది... అయినా స్వప్న వాళ్ల గంపలో కాయలే పెద్దవని నాకు అనిపించింది. దానికి మా గంపవి పెద్దవని అనిపించిందట!

ఇప్పుడు మూడు ఇళ్లకూ మూడు బోర్లు. మోటారు వేయడానికి చేనుకు పోవాల్సిన పని కూడా లేదు, ఫోన్ నొక్కితే చాలు. ఎవరి నీళ్లు వాళ్లవి. ఎవరికి తోచినంత వాళ్లు తోడుకుంటున్నారు. ఒకరినొకరు అడిగేదీ లేదు, కాదనేదీ లేదు. మంచిదేనేమో...

మొన్న బస్సులో ఊరికి పోతుంటే, రోడ్డు పక్క చేనులో ఎవరో నలుగురైదుగురు మోటారు చుట్టూ చేరి గట్టిగా కొట్లాడుకుంటున్నారు. ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, తన వంతు వదిలేది లేదంటోంది. బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను.

నిజం చెప్పనా... వాళ్లను చూసి కుళ్లుకున్నాను.

మీ ఇళ్లలో ఎవరెవరికి కలిపి ఒకటే బోరు, ఒకటే బావి ఉండేది? వంతుల కోసం ఎవరు ఎవరితో కొట్లాడేవారు? రాయండి... చదివి ఇంకాస్త కుళ్లుకుంటాను.