దారి తప్పిన దండుకు ముందేది?

పొద్దంతా జనం నోళ్లకు కట్టుడు పళ్లు తయారుచేసే మనిషికి ఇంటికొచ్చాక కూడా మైనం ముద్ద పట్టుకోవాలని ఎందుకనిపిస్తుందో ఆయన భార్యకు అర్థం కాలేదు. ఆ మాటకొస్తే ఆయనకూ కాలేదు. అభిరుచి మనసుకు ప్రశాంతతనిస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు బొటనవేలంత మైనపు సైనికుడికి ఒకసారి కనుబొమ్మలు దిద్ది చూడాలి. మెడ పట్టేస్తుంది, అంతే.

అందరూ పళ్లాయన అని పిలిచే ఈయన, బల్లమీద బొమ్మల సైన్యాలతో యుద్ధాలాడే క్లబ్బులో సభ్యుడు. టేపుతో కొలిచి దళాలను జరుపుతారు, పాచికలు వేసి కొట్టుకుంటారు. ఏడాదికోసారి కథాసైన్యాల పోటీ. సైన్యం వెనక ఓ కథ ఉండాలి, ఆ సైన్యంతోనే ఆడాలి. ఒకరు వంటవాళ్ల దండు చేశారు, గరిటెలతో సహా. పళ్లాయన ఏడాదంతా కూర్చుని దారి తప్పిన దండును చేశాడు. ఒకడు ఆకాశంకేసి చూస్తాడు, ఒకడు తన బూటు అడుగున వెతుకుతాడు, ఇద్దరు చెరో దిక్కూ వేలు చూపిస్తూ కీచులాడుకుంటారు. నాయకుడు ముఖానికి అడ్డంగా మ్యాపు పట్టుకుని ఉంటాడు.

పోటీలో ఎదురుపడింది బావమరిది. బడిలో డ్రిల్లు మాస్టారు.

"బావా, వీళ్లకి ముందేది?"

"ముందంటే?"

"వెనకనుంచి కొడితే నాకు రెట్టింపు పాచికలు కదా. వెనకేదో తెలియకుండా ఎక్కణ్ణుంచి కొట్టను?"

"దారి తప్పారురా. ముందేదో తెలిస్తే ఎందుకు తప్పుతారు?"

"బాగుంది వరస! మా పిల్లలిలా నిలబడితే గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాణ్ణి."

తీర్పు చెప్పే పెద్దాయన రిటైరైన సర్వేయరు. బల్లచుట్టూ తిరిగి చూశాడు. "నాయకుడు చూసేవైపే దళానికి ముందు. అదీ నియమం. ఎటు చూస్తున్నాడయ్యా?"

"మ్యాపులోకండి."

"మ్యాపు వెనక?"

పళ్లాయనా బల్లచుట్టూ తిరిగాడు. ఇటునుంచి చూస్తే కిటికీవైపనిపించింది, అటునుంచి చూస్తే తలుపువైపు. తన చేత్తో చేసిన బొమ్మే. "ఏమోనండి," అన్నాడు.

"భోజనాలయ్యేలోగా తేల్చు. లేదంటే దండును పెట్టెలో సర్దుకో."

ఆట చూడ్డానికొచ్చిన భార్య విసుక్కుంది. "ఏదో ఒక వైపు చెప్పెయ్యరాదూ?"

"అబద్ధమవుతుందే."

"ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడు లేని నిజాయితీ బొమ్మల దగ్గరెందుకో!"

చెప్పకపోతే ఏడాది కష్టం ఆడకుండానే పెట్టెలోకి. చెబితే అది దారి తప్పిన దండే కాదు. ఎటూ తేలక, ముఖాన్నే అడుగుదామన్నట్టు సన్నకత్తితో మ్యాపును ఊడదీశాడు. వెనక ముఖం లేదు. నున్నటి మైనం ఉండ. కనపడని ముఖం చెయ్యడమెందుకని అప్పట్లో వదిలేసినట్టున్నాడు.

ఇప్పుడు చెయ్యక తప్పదు. కళ్లు సరిగ్గా కుదరలేదు, ముక్కు అసలే కుదరలేదు. చేతివేళ్లు మాత్రం అలవాటు కొద్దీ నిండైన పలువరస కట్టేశాయి. నాయకుడు కిటికీవైపు తిరిగి, ఎక్కడికెళ్లాలో తనకంతా తెలిసినట్టు ఇకిలిస్తున్నాడు. చుట్టూ దండు మాత్రం ఎప్పటిలాగే నలుదిక్కులా వెతుక్కుంటోంది. చెడగొట్టానా, బాగుచేశానా? పళ్లాయనకు అంతుబట్టలేదు.

పెద్దాయన టేపు చుట్టి, "ఆడుకోండి," అన్నాడు.

ముందు దొరికింది, దాంతోపాటే వెనకా దొరికింది. బావమరిది చకచకా చుట్టూ తిరిగొచ్చి, వీపుల మీద రెట్టింపు పాచికలు దొర్లించాడు. ఒక్క దెబ్బకే సగం దండు బల్లకొరిగింది.

"ఏం బావా, కోపమా?"

పళ్లాయన పడిన సైనికులను ఒక్కొక్కణ్ణే ఏరుతున్నాడు. ఒకణ్ణి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "కోపం కాదురా," అన్నాడు, తర్వాత మాట వెతుక్కుంటూ. "వీళ్లు ఆ నాయకుడి వెంట ఎందుకెళ్లారా అని."

"వాణ్ణి నాయకుడిగా పెట్టింది నువ్వేగా!"

"అదే," అన్నాడు పళ్లాయన, పాచికలు అందుకుంటూ.