ఎర్ర కాలిపర్ మీద వేలిముద్ర

ఆయన ఉద్యోగమే వంకలు పెట్టడం. పైపుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు. ముందుకొచ్చిన పైపుని కళ్లద్దాల మీదుగా ఒకసారి, కళ్లద్దాల్లోంచి ఒకసారి చూసి, నచ్చకపోతే దాని నెత్తిన ఎర్ర ముద్ర గుద్దేవాడు. ఆయనకు నచ్చిన పైపు అసలు పుట్టిందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే అక్కడ అందరూ ఆయన్ని రిజెక్టుగారు అనేవారు, చెవిన పడేలాగే. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

రిటైరయ్యాక ముద్ర ఫ్యాక్టరీలో ఉండిపోయింది గానీ, గుద్దే చెయ్యి ఇంటికొచ్చేసింది. భార్య బట్టలారేసే తీరు రిజెక్టు. పక్కింటి గేటు చప్పుడు రిజెక్టు. ఆవిడ మొదట్లో నొచ్చుకుంది, తర్వాత విసుక్కుంది, ఆ పైన ఆ మాటల్ని ఫ్యాను చప్పుడు కింద జమకట్టి వదిలేసింది. ఇప్పుడావిడకు కావలసింది ఒక్కటే. షెడ్డులో ఉన్న కారు కదలాలి.

ఆ కారు ఆవిడ నాన్నది. ముందు గుండ్రటి దీపాలు, తలుపులకు బరువైన పిడులు, లోపల ఇన్నేళ్లయినా పోని తోలు వాసన. నాన్న పోయాక తమ్ముడు, "బావకి చేతిపని వచ్చుగా, అక్క దగ్గరే ఉండనీ" అని పేచీ లేకుండా ఇచ్చేశాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. అమ్మని ఒకసారి అందులో కొండ దారి దిగి సముద్రం దాకా తీసుకెళ్లాలి. నాన్న పక్కన కూర్చుని అమ్మ ఎన్నోసార్లు దిగిన దారి అది. ఇప్పుడామె గుండె మొరాయిస్తోంది. "నేను కూర్చోగలిగినప్పుడే తీసుకెళ్లండ్రా" అంటోంది.

బ్రేకులు రిజెక్టు అన్నాడు అల్లుడుగారు. ఆ ఒక్కమాటా నిజమే. ముందు చక్రాల కాలిపర్లు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండువైపులా నొక్కిపట్టి ఆపే ఇనుప దవడలు, లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఏ మెకానిక్ అయినా వాటిని విప్పి, పిస్టన్లు శుభ్రం చేసి, కొత్త సీళ్లు వేసి ఇచ్చేసేవాడే. కానీ ఊళ్లో మెకానిక్‌లంతా ఆయన దగ్గర ఎప్పుడో రిజెక్టయిపోయారు. తనే మొదలుపెట్టాడు.

సీళ్లు వేశాడు, పిస్టన్లు తోమాడు, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత అందం మీద పడ్డాడు. ఏది కుడిదో ఏది ఎడమదో తెలియడానికి కాలిపర్ల మీద పోతలోనే అక్షరాలుంటే, "మొటిమల్లా ఉన్నాయి" అని ఆకురాయితో అరగదీసి నున్నగా చేశాడు. పైన ఎర్ర రంగు, పూత మీద పూత. చక్రం బిగించాక ఎవరూ చూడని చోట అంత సింగారమెందుకో ఆయనకే తెలియాలి.

ఆ రంగు ఆరకముందే వాన మొదలైంది. ఆవిడ పరుగున వెళ్లి కాలిపర్లు ఆరబెట్టిన ట్రే లోపలికి జరిపింది. ఒక కాలిపర్ మీద బొటనవేలు పడి, ముద్ర దిగిపోయింది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. వాన నుంచి కాపాడిన సంగతి వదిలేసి, వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించాడు. "ఇదిగో, మా ఆవిడ సంతకం." మళ్లీ రంగెయ్యొచ్చుగా అంటే, "ఉండనీ, చూసినప్పుడల్లా బుద్ధొస్తుంది" అన్నాడు. దాన్ని తీసుకెళ్లి వంటగది గుమ్మం వైపు చక్రానికి బిగించాడు. రెండోదాన్ని ప్రహరీ వైపు బిగించాడు.

చక్రాలు ఎక్కించేముందు ఇక గాలి తీయాలి. బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో గాలి మిగిలితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర కాలిపర్‌కుండే నిపుల్ అనే చిన్న మర వదులు చేసి గాలి పోనివ్వాలి. తొక్కే పని ఆవిడది.

"తొక్కు. పట్టుకో. వదులు. అది తొక్కడమా? పిండి పిసుకుతున్నావా?"

ఆవిడ పిక్కలు పీకేలా తొక్కింది. పెడల్ తడిసిన దిండులా దిగుతూనే ఉంది. ఆయన పక్కింటాయన్ని పిలిచాడు. ఆయన కాలూ రిజెక్టయింది. ఆదివారం తమ్ముడొచ్చాడు. కాసేపు తొక్కి, దిగి, చక్రం దగ్గర వంగి చూశాడు.

"బావా, ఈ నిపుల్ కిందికుందేంటి? గాలి పైకి కదా చేరేది?"

"ఇన్సూరెన్సు అమ్ముకునేవాడివి, నాకు గాలి గురించి చెప్పొచ్చావా? మీ వంశంలో ఎవరి కాలికీ బలం లేదు. ఈ బండిని ఇలా తగలేసింది మీ నాన్నేగా!"

తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుని, అక్క వైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫోను లేదు. ఆవిడే చేస్తే అమ్మ ఎత్తి, "ఆ కారు మాట ఎత్తకే" అంది. ఆ మంట ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే, ఆయనేమో ఇంకా పిక్కల బలం గురించే మాట్లాడుతున్నాడు.

ఒక పొద్దున ఆయన షెడ్డు తలుపు వేసుకుని చాలాసేపు ఏదో చేశాడు. తర్వాత కేకేశాడు. "రా, ఇవాళైనా సరిగ్గా తొక్కు."

గొంతులో కొత్త మెత్తదనముంది. ఆవిడకు అదే అనుమానం తెప్పించింది. వంటగది గుమ్మం దాటి షెడ్డులోకి దిగుతూ అలవాటుగా చక్రం వైపు చూసింది. కాలిపర్ అద్దంలా ఉంది. వేలిముద్ర లేదు. చుట్టూ తిరిగి ప్రహరీ వైపు వెళ్లి వంగింది. అక్కడుంది తన బొటనవేలు, తలకిందులుగా. నిపుల్ ఇప్పుడు పైకుంది.

ఆవిడ వెళ్లి సీట్లో కూర్చుంది.

"తొక్కు" అన్నాడు చక్రం దగ్గర్నుంచి.

ఆవిడ తొక్కలేదు.

"చెవుడా? తొక్కు!"

"నా వేలు అటువైపుకెలా వెళ్లిందండీ?"

స్పానరు చప్పుడు ఆగిపోయింది. "ఏ వేలు?"

"నాకు బుద్ధి రావాలని ఉంచారుగా, ఆ వేలు. కుడిది ఎడమకి బిగించి, నన్నూ వాణ్నీ నానా మాటలన్నారు. వాడు నిపుల్ చూపించి మరీ చెప్పాడు. ఇవాళ తెలిసి, తలుపేసుకుని మార్చేసి, మళ్లీ నా కాలినే అంటున్నారు."

"సరేలే, ఇప్పుడు బాగైందిగా. తొక్కు."

"వాడికి ఫోన్ చెయ్యండి. మీరే చెప్పండి. అప్పుడు తొక్కుతాను."

"తొక్కకపోతే ఇంకొకర్ని పిలుచుకుంటాను."

"పిలుచుకోండి. ఎవరు మిగిలారు?"

తెరిచిన నిపుల్ నుంచి బ్రేక్ ఆయిల్ బొట్టుబొట్టుగా కారి, అందమైన ఎర్ర రంగు మీదుగా దిగుతోంది. ఆ ఆయిల్ రంగుని తినేస్తుందని ఆయనకు తెలుసు. తుడవడం కూడా మరిచిపోయి అలాగే చతికిలబడ్డాడు. చివరికి ఫోను తీశాడు. ఏ పైపూ ఆయన్ని ఎన్నడూ అంత ఇబ్బంది పెట్టి ఉండదు.

"నేనే... ఆ కాలిపర్లు నేనే ఇటుది అటు బిగించాను. నువ్వన్నదే నిజం. మీ నాన్నని అనకుండా ఉండాల్సింది."

ఆవిడ అప్పుడు తొక్కింది. ముందు మెత్తగా, తర్వాత గట్టిపడుతూ, చివరికి పెడల్ రాయిలా నిలబడింది.

అమ్మని తీసుకెళ్లే రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగు వైపు నడిచాడు. "తమ్ముడు నడుపుతాడు" అంది ఆవిడ వెనక తలుపు తెరిచి పట్టుకుని. ఆయన వెనక సీటు నొక్కి చూసి, స్ప్రింగులు రిజెక్టు అని ఇంట్లోకి వెళ్లిపోయాడు. జాలిపడాల్సింది. ఆవిడ పడలేదు.

కొండ దారి మొదటి మలుపులో తమ్ముడు బ్రేకు నొక్కాడు. పక్కన అమ్మ పాత అలవాటుగా ముందున్న పిడిని గట్టిగా పట్టుకుంది. బండి నెమ్మదిగా, కుదుపు లేకుండా తగ్గింది. అమ్మ పిడి వదిలేసింది.

"నాన్న నడిపినట్టే ఉందిరా. అల్లుడుగారి చేతిలో పనితనముందే" అంది వెనక్కి తిరిగి.

ఆవిడ తన బొటనవేలి వైపు చూసుకుంది. "ఉందమ్మా, దానిమీద నా వేలిముద్ర కూడా ఉంది" అంది. అమ్మకి అర్థం కాలేదు. అక్క నోట ఆ కథంతా విన్న తమ్ముడు మాత్రం కింద సముద్రం కనిపించేదాకా నవ్వుతూనే ఉన్నాడు.