సింహాద్రి అంకుల్ దినం భోజనాలు

ఒక్క మీట నొక్కి నూట అరవై కుటుంబాల చేత తిట్లు తినే యోగం అందరికీ పట్టదు. నాకు పాతికేళ్లకే పట్టింది. అదీ పరాయి దేశంలో, ఒక పెద్దమనిషి పోయిన ఇంట్లో.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే నాకు సింగపూర్‌లో ఉద్యోగం ఇచ్చింది. సెంబవాంగ్‌లో సింహాద్రి అంకుల్ వాళ్ల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆయన తండ్రి విజయనగరం వైపు నుంచి నేవీ బేస్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అంకుల్ వృత్తి అంత్యక్రియలు జరిపించడం. చుట్టుపక్కల తెలుగిళ్లలో, తమిళుల ఇళ్లలో ఎవరు పోయినా మొదటి ఫోన్ బంధువులకు కాదు, ఆయనకే.

మనిషి మాత్రం పెళ్లికొడుకు తండ్రిలా ఉండేవారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, జేబులో రెండు దువ్వెనలు. రెండోది పోయినవాళ్లకట. ఆ సంగతి నేను ఒకటి అడిగి తీసుకుని తల దువ్వుకున్నాక చెప్పారు. అది ఏ దువ్వెనో ఇప్పటికీ తేలలేదు.

ఏ బ్లాకులో లిఫ్టు ఏ అంతస్తులో ఆగుతుందో, ఏ ఇంట్లో ఏ అన్నదమ్ములకు మాటల్లేవో ఆయనకు కంఠతా వచ్చు. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చి, మధ్యలో పోయినాయన చేసిన చిలిపి పని ఒకటి గుర్తుచేసి నవ్వించి, ఆ నవ్వులో పని కానిచ్చేవారు. అందరికీ ఆయనంటే ప్రాణం. కాకపోతే ఆ ప్రేమంతా ఇంట్లో శవం ఉన్నంతసేపే.

మామూలు రోజుల్లో ఆయన ఎవరినైనా "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే వాళ్లకు ఆ పూట అన్నం సయించేది కాదు. అందుకని వానల గురించి మాత్రమే మాట్లాడేవారు. పిలవని పేరంటానికి వెళ్లకూడదంటారు. ఈయన పిలిచిన పేరంటానికి కూడా వెళ్లేవారు కాదు. చదివింపుల కవరు పంపించి ఇంట్లో కూర్చునేవారు. పిలిచినవాళ్లు హమ్మయ్య అనుకునేవారు.

అలాంటి మనిషి ఒక ఉదయం తల దువ్వుకుంటూ కుప్పకూలిపోయారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే ఆయన్ని సాగనంపారు. ఆ దంపతులకు పిల్లల్లేరు. మూడో రోజున ఆయన భార్య పార్వతమ్మ ఆంటీ నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"దినం నాడు మకాన్‌కి ఎవరొస్తారు బాబూ? ఏడుపొచ్చినప్పుడే జనం ఆయన దగ్గరికి వచ్చేరు. ఇంతమందిని పంపించిన మనిషికి ఆకులు ఖాళీగా ఉంటే నేను చూడలేను లా." మకాన్ అంటే అక్కడ భోజనం, లా అంటే మాట చివర తగిలించే ఊతపదం.

తను పని చేసిన ఇళ్ల వివరాలు ఆయన రాసుకున్న నోటుపుస్తకాల్లోని ఇళ్లన్నిటికీ తలా ఒక ఉత్తరం చేత్తో రాసిపెట్టమంది. కంప్యూటర్ యుగంలో చేత్తోనా? నా గొప్ప చూపించుకోవడానికి అంతకు ముందే ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచాను. ఎడమ వరుసలో ఒక పేరు, తేదీ. కుడి వరుసలో ఇంకో పేరు, చిరునామా. చక్కని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, పేర్లు వాటంతటవే పడేలా పెట్టి, మీట నొక్కాను. మీరు కుటుంబంతో సహా తప్పక రావాలి, మీకోసం ఎదురుచూస్తుంటాం అని దాని సారాంశం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మిగిలిన కాస్తా కంప్యూటరేస్తే పోయింది.

రెండు రోజులకు జురాంగ్ వెస్ట్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"మా నాన్న పేరు మీద ఉత్తరం వచ్చింది."

"అవునండీ, నాన్నగారిని తప్పకుండా తీసుకురండి."

"మూడేళ్ల కిందట మా నాన్నకు కర్మకాండ చేయించింది మీ అంకులేనండీ."

పరుగెత్తి చూసుకున్నాను. ఎడమ వరుసలో ఉన్నవాళ్లందరూ పోయినవాళ్లు, కుడి వరుసలో ఉన్నవాళ్లు వాళ్ల ఇంటివాళ్లు. నూట అరవై మంది పరలోకవాసులను సకుటుంబంగా భోజనానికి రమ్మన్నాను. తేదీలు సరిచేయడానికే జీతం తీసుకుంటున్న నాకు, పేరు పక్కనున్న తేదీ ఏమిటో తట్టలేదు. సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంది. ఒకాయన దినం నాడే వచ్చి నా సంగతి తేలుస్తానన్నాడు. ఒకావిడ ఏడ్చింది. ఆ ఏడుపుకి నాకు నిజంగా సిగ్గేసింది.

ఆంటీకి చెప్పక తప్పలేదు. ఆవిడ తిట్టలేదు. "ఇంకెవరొస్తారు బాబూ" అని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

దినం నాడు అద్దెకు తీసుకున్న హాలు గుమ్మంలో, తిట్లన్నీ నేనే తినాలని ముందే నిలబడ్డాను. లోపల వందమందికి వంట. పదకొండు గంటలకు ఒక ముసలావిడ ఉత్తరం చేత పట్టుకుని వచ్చింది.

"ఆయన రాలేరు గదా నాయనా. కుటుంబంతో రమ్మన్నావు. అందుకే కుటుంబం వచ్చింది."

భర్త పోయాక ఆరేళ్లుగా ఆ ఇంటికి ఆయన పేరుతో ఒక్క ఉత్తరం రాలేదట. దీన్ని దేవుడి దగ్గర పెట్టి తెచ్చింది. ఆవిడ వెనకే ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకో నలుగురు. అందరి చేతుల్లోనూ ఉత్తరాలే. నా సంగతి తేలుస్తానన్నాయన కూడా వచ్చాడు. రెండు నిమిషాలు తేల్చి, తర్వాత తన తండ్రి పోయిన రోజున అంకుల్ తనను ఎలా నవ్వించారో పక్కవాడికి చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం రెండోసారి వండాల్సి వచ్చింది. ఆంటీ ఒక మూల నిలబడి నిండిన ఆకుల్ని చూస్తూ కళ్లు తుడుచుకుంది. నాకూ ఆగలేదు.

కర్మ చేయిస్తున్న పంతులుగారి దగ్గరికి వెళ్లి, అపచారం జరిగిపోయింది, ప్రాయశ్చిత్తం చెప్పమన్నాను.

"పోయినవాళ్లను భోజనానికి పిలవడం నా వృత్తి అబ్బాయ్. పొద్దుటి నుంచి నేను సంస్కృతంలో పిలుస్తున్నాను. నీ ఇంగ్లీషుకే ముందు పలికారు."

ఆ హాల్లోనే, మజ్జిగ గరిటె సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. బతికున్నారని రూఢి చేసుకోకుండా ఇక ఏ మనిషికీ ఉత్తరం రాయను. నేను శుభలేఖ పంపేముందు ఫోన్ చేసి మీ ఆరోగ్యం అడిగితే కంగారు పడకండి, కారణం అదే. ఆ ప్రతిజ్ఞ సరిగ్గా పదకొండు నెలలు నిలిచింది. సంవత్సరీకానికి ఉత్తరాలు పంపాలని ఆంటీ పిలిస్తే, ఈసారి పేర్లు కుడి వరుసలోంచి తీస్తానని మాటిచ్చాను.

"వద్దు బాబూ, ఆ పాత పేర్లకే పంపు" అంది ఆంటీ. "బతికున్నోళ్లని పిలిస్తే వస్తారో రారో."