గురి తప్పలేదు

మా ఆయన పోయిన రోజున ఊళ్లో మగవాళ్లు అన్న మాట ఒకటుంది. "కొట్టినాయన గురి తప్పలేదు. పంది అనుకున్నడు, అంతే." నా ఎదుటే అన్నారు. శవం ఇంకా మంచం మీదే ఉంది. కాల్చినవాడి చేతికి చెడ్డపేరు రాకూడదని వాళ్ల తాపత్రయం. అప్పటి నుంచి గురి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది మక్కలు, అదే మొక్కజొన్న, ఎక్కువగా వేసే ఊరు. కంకి పాలు పోసుకునే సమయానికి అడవిపందులు చేల మీద పడతాయి. వాటిని కొట్టడానికి లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దమనిషి ఒకాయనను పిలిపించేవాళ్లు. హోటల్ ముందు చాయ్ తాగేటప్పుడు కూడా ఆయన భుజానికి తుపాకీ వేలాడుతూనే ఉండేది. ఎగిరే కొంగను కొట్టాడని, చెట్టు చివరి కాయను రాల్చాడని చెప్పుకునేవాళ్లు. అందరికీ ఆయన మీద గురి. మన మాటలో గురి అంటే నమ్మకం కూడా కదా, నా కొంప ముంచింది ఆ రెండో గురే. పొద్దుగూకే వేళ పందులను అదిలించడానికి మా ఆయన చేలోకి దిగాడు. చేను కదిలింది. ఆ పెద్దమనిషి కదిలిన చోట కొట్టాడు. సరిగ్గా కొట్టాడు. నా బిడ్డకు అప్పుడు బడిలో ఓనమాలు దిద్దే వయసు.

ఆ బిడ్డ దగ్గరే ఇప్పుడు కెనడాలో, టొరంటో నగరం ఎటోబికోలో ఉంటున్నాను. కింద బేస్‌మెంట్‌లో మన వైపు నుంచి చదువుకు వచ్చిన ఆడపిల్లలు ఉంటారు. ఈ మధ్య ఎటు చూసినా వాళ్లే. బస్సులో వాళ్లే, కాఫీ కొట్టులో వాళ్లే, వేర్‌హౌస్ గేటు దగ్గర చలికి ముడుచుకుని నిలబడ్డదీ వాళ్లే. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది వాళ్లలో ఒక పిల్ల.

అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగం. మంచివాడు, ఆ మాట దాచను. కానీ పిస్తోలు పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. పెట్టెకు ఒక తాళం, లోపల పిస్తోలుకు ఇంకో తాళం. రేంజ్ అనే కాల్చుకునే మైదానానికి తప్ప ఎక్కడికీ తీసుకుపోకూడదట. అది ఇంట్లో ఉందని తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు. బిడ్డ బతిమాలింది. మెల్లగా ఊరుకున్నాను. ఊరుకునే ఉండేదాన్ని, అల్లుడి చిన్నాయన కొడుకు ఊరి నుంచి ఫోను చేయకపోతే.

వాళ్లదీ మక్కల ఊరే. పందులు చేను పాడుచేస్తున్నాయి, అన్నా, నువ్వు రా, తుపాకీ మేము చూస్తాం అన్నాడట ఆ పిల్లాడు. వంద మీటర్ల దూరాన ఉన్న ఇనుప పలకను పిస్తోలుతో కొట్టేవాడికి పంది ఒక లెక్కా అని ఉబ్బేశాడట. ఈయన ఉబ్బిపోయాడు. సెలవు పెట్టి, టికెట్ కొని, ఆ తర్వాత అన్నం తింటూ నాకు చెప్పాడు.

నేను కంచం ముందు నుంచి లేచాను. మీ మామ ఎట్లా పోయాడో తెలిసి కూడా నీకు ఈ బుద్ధి ఎట్లా పుట్టిందని అడిగాను.

"అందుకే పోతున్న అత్తమ్మా. మామయ్యను కొట్టినాయనకు ట్రైనింగ్ లేకుండె. నాకున్నది. ఒక్కసారి రేంజ్‌కు వచ్చి చూడండి, మీకే గురి కుదురుతది."

మళ్లీ అదే మాట. చూస్తాను పద అన్నాను. చూడకుండా తిట్టానని రేపు ఎవరూ అనకూడదు.

ఎండాకాలం ఆదివారం. ఊరి బయట చాలా దూరం కారులో పోయాం. పని లేని రోజని ఇది రాస్తున్న పిల్ల కూడా వచ్చింది. నా చెవులకు పెద్ద డిప్పలు తగిలించారు. ఒక వరసలో బల్లలు, ప్రతి బల్ల దగ్గర ఒక మనిషి, ఎదురుగా మట్టికట్ట. ఆ కట్ట ముందు పళ్లెమంత ఇనుప పలక వేలాడుతోంది. నా కళ్లకు చుక్కలా ఉంది.

అల్లుడు రెండు చేతులతో పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. మొదట దుమ్ము లేచింది. ఇంత దూరానికి గుండు కిందికి దిగిపోతుంది, కాస్త పైకి పట్టాలి అన్నాడు. పట్టాడు. ఠప్పుమంది, రెప్ప వేసేంత సేపు ఆగి టింగుమంది. పక్క బల్లల వాళ్లు బాగుందన్నట్టు బొటనవేళ్లు చూపించారు.

నీకు ఆ పలక స్పష్టంగా కనబడుతుందా అని అడిగాను.

"పలక బ్లర్‌గనే ఉండాలె అత్తమ్మా. ముందు కొస మీద ఫోకస్ చేయాలె. అదే టెక్నిక్."

పిస్తోలు కొస మీద చిన్న గుబ్బ ఉంటుంది, చూపంతా దాని మీదేనట. కొట్టేది మసకగా ఉన్నా ఫరవాలేదట. పిస్తోలుకు అంతే, పొడుగు తుపాకీ వేరే అని ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు.

"మీ మామ గూడ మసకగనే కనబడ్డడు కొడుకా."

అంతలో వరస వెనక కాపలాగా నిలబడ్డ ఒక ఆమె గట్టిగా కేక వేసింది. వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తుపాకులు బల్లల మీద పెట్టి, చేతులు దూరంగా పట్టుకుని, గీత వెనక్కి వచ్చారు. ఎర్ర దీపం తిరిగింది. ఏమైందని ఈ పిల్లను అడిగాను.

"కాల్చుడు ఆపమన్నది అమ్మమ్మా. అగో, బాతులు."

మట్టికట్ట మీద నుంచి పెద్ద బాతులు రెండు నింపాదిగా నడిచి వస్తున్నాయి. ఒకటి పలక కింద ఆగి గడ్డి కొరుకుతోంది. ఇంతమంది గురిగాళ్లు నోరు మూసుకుని దాని తిండి అయ్యేదాకా నిలబడ్డారు. ఒకడు నవ్వాడు, ఒకడు నీళ్లు తాగాడు, ఎవడూ విసుక్కోలేదు. ఇక్కడ బాతు కోసం ఆగారు. నా మనిషి చేలో ఉన్నాడని తెలిసి కూడా ఆగమన్న గొంతు ఒక్కటి లేకపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆ బల్లలన్నీ తన్నాలనిపించింది.

అల్లుడి చెయ్యి పట్టుకుని ఆ కేక వేసిన ఆమెను చూపించాను.

"అగో, ఆమెను మీ ఊరికి తీస్కపోతవా? మక్కచేన్ల ఎవలు ఆపుమంటరు? కదిలితే కొడ్తవా, కనవడితే కొడ్తవా?"

చూసే కొడతా అత్తమ్మా అన్నాడు. మీ మామను కొట్టినాయన కూడా చూశాననే అన్నాడు, పోలీసులతో అదే చెప్పాడు అన్నాను. బాతులు పోయి ఎర్ర దీపం ఆరింది. అల్లుడు పిస్తోలుకు తాళం వేసి పెట్టెలో పెట్టాడు.

కారు దగ్గర ఆ తమ్ముడికి ఫోను కలిపాడు, అందరికీ వినపడేట్టు. సెలవు దొరకలేదు, ఈసారికి రాలేను, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. నన్ను సంతోషపెట్టాననుకున్నాడు. ఫోను లాక్కున్నాను.

"సెలవు దొరికింది. నేనే పోనిస్తలేను. నువ్వు చెప్పు, మీ చేన్ల పందులను అదిలిచ్చేటందుకు దిగేదెవలు?"

ఆ పిల్లాడు కొంచెం తడబడ్డాడు.

"మా నాయిన దిగుతడు అత్తమ్మా. ఎప్పుడైన ఆయననే."

అల్లుడి ముఖం వాడిపోయింది. చిన్నప్పుడు అల్లుణ్ణి భుజాల మీద తిప్పినవాడు ఆ చిన్నాయనే. ఫోను నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. చిన్నాయనను చేలోకి దిగనియ్యకు, నేను రాను, వచ్చే ఏడు కూడా రాను అన్నాడు. ఈసారి సెలవు మాట ఎత్తలేదు.

సరే అన్నా, ఫికర్ చేయకు, ఇంకొక ఆయన ఉన్నాడు, మంచి గురి ఉన్నోడు, ఆయనను పిలుస్తాం అన్నాడు ఆ పిల్లాడు.

నేను మళ్లీ ఫోను లాక్కున్నాను. మీ నాయనను పిలువు, ఆయనతోనే మాట్లాడతాను, అప్పటిదాకా ఈ ఫోను పెట్టను అన్నాను.