ఉప్పుబాబు జేబులో ఉత్తరం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఇందులో తప్పులుంటే ఉంటాయి, చదివేవాళ్ళే సర్దుకోవాలి. రాస్తున్నది మాత్రం నాకు ఒక్క ముక్క కూడా చదవడం రాని రోజుల సంగతి.

అరవైల చివర్లో నేను నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసేవాణ్ణి. ఆ మడుల ఆసామిని మేమంతా ఉప్పుబాబు అనేవాళ్ళం, ఎదురుగా అయితే ఒట్టి బాబు. తూము తెరిచి పోటు నీళ్ళు లోపలికి వదలడం, ఆ నీళ్ళని మడి నుంచి మడికి మార్చడం, ఉప్పు కట్టే పదును వచ్చిందో లేదో నాలుకతో చూసి చెప్పడం నా పని. ఒకరోజు తొందరపడితే ఉప్పు పల్చన, ఒకరోజు ఆలస్యమైతే చేదు. కట్టిన ఉప్పు ఎప్పుడు గట్టు మీదికి లాగాలో నేను చెబితేనే మిగతావాళ్ళు మడిలోకి దిగేవారు. నన్ను మించిన నాలుక ఆ చుట్టుపక్కల లేదు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

ఉప్పు రైలుకెక్కే రోజుల్లో ఇంకో పని కూడా నాదే. స్టేషను వాళ్ళిచ్చిన చీటీ మీది నంబరూ వ్యాగన్ మీది నంబరూ ఒకటేనా కాదా అని చూడాలి. అక్షరం రాకపోయినా అలా అంకెలు పట్టుబడ్డాయి. వ్యాగన్ మీద చాలా అంకెలుంటాయి. పైనున్నదే మనకు కావలసిన నంబరు, కిందవి బరువులూ గట్రా, వాటి జోలికి పోకు అని మొదటిరోజే చెప్పారు. నేను వాటి జోలికి ఎప్పుడూ పోలేదు.

మాలో చదువొచ్చినవాడు ఒక్కడూ లేడు. ఎవరికి ఉత్తరం వచ్చినా ఉప్పు కొట్టు చిరునామాకే వచ్చేది. ఆదివారం పొద్దున్నే బాబు కొట్టు అరుగు మీద నులకమంచం వేసుకుని, ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ పైకి చదివేవాడు. మేమంతా కింద కూర్చుని వినేవాళ్ళం. ఎవరి ఉత్తరం వాళ్ళకే అన్న పట్టింపు మాకు లేదు. ఒకరి ఊళ్ళో గేదె ఈనిన సంగతి అందరికీ తెలిసేది. చావు కబురైతే బాబు గొంతు దించి, మధ్యలో ఆగి, ఆ మనిషి తేరుకున్నాక మళ్ళీ చదివేవాడు. అంత బాగా ఉత్తరం చదివే మనిషిని నేను తర్వాత ఎక్కడా చూడలేదు. జవాబులు కూడా ఆయనే రాసి, రాసింది మళ్ళీ చదివి వినిపించేవాడు. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే ఆ రోజుల్లో నేనే పోట్లాడేవాణ్ణి.

ఆ ఏడు ఎండాకాలానికి నా భార్య కాళ్ళు పాడైపోయాయి. పొద్దంతా ఉప్పునీళ్ళలో నిలబడి ఉప్పు లాగే పని ఆమెది. మడమలు పగిలి, పగుళ్ళలోకి ఉప్పు దిగి, పుళ్ళు మానేవి కావు. టెక్కలి డాక్టరు చూసి, ఉప్పునీళ్ళలోకి దిగడం మానకపోతే నడక కూడా మానాల్సి వస్తుందన్నాడు. మేముండే గుడిసె బాబు స్థలంలోది. మడిలోకి దిగని మనిషికి అక్కడ గుడిసె లేదు.

మా అక్క మొగుడు, మా బావ, చీపురుపల్లిలో ఉండి గరివిడి ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేవాడు. అక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడు, కొత్తగా మనుషుల్ని తీసుకుంటున్నారని చెప్పాడు. ఏడాది పొడుగునా పని, నువ్వొక్కడివి చేస్తే చాలు, మా చెల్లి ఇంట్లో ఉండొచ్చు అన్నాడు. నా భార్యని చెల్లి అనేవాడు. సంతలో అర్జీలు రాసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన అన్నీ అడిగి ఇంగ్లీషులో రాసి, చివరికి జవాబు ఏ చిరునామాకు రావాలన్నాడు. ఉప్పు కొట్టు చిరునామా చెప్పాను. బావ పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మాకు ఉత్తరమంటే బాబు చేతికి వచ్చేదే. ఇంకో దారిలో కూడా వస్తుందని మా ఇద్దరికీ తట్టనే లేదు.

అర్జీ పంపాక మూడో ఆదివారం వచ్చింది. బాబు ఉత్తరాల కట్టలోంచి ఖాకీరంగు కవరు తీసి, నా పేరు చదివి, చింపి, లోపలి కాగితాన్ని కళ్ళతోనే చదువుకున్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, తర్వాతి వాళ్ళ ఉత్తరం తీశాడు. పైకి చదవకుండా ఉత్తరం జేబులో పెట్టుకోవడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. అందరూ నా వైపు చూశారు. అది ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు తెలిసింది, దాన్ని ఆయన చేతికే రప్పించుకున్నానని కూడా అప్పుడే తెలిసింది.

జనం లేచి వెళ్ళాక నన్ను ఉండమన్నాడు.

"ఏట్రా, నా ఉప్పు సేదైపోనాదేటి నీకు?"

నేను అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"గరివిడోళ్ళు నిన్ను రమ్మన్నారు. తేదీ ఏసి మరీ రమ్మన్నారు. ఆ తేదీ నాకు తెలుసు, నీకు తెల్దు." జేబు మీద చెయ్యి వేసుకుని, మామూలు గొంతుతోనే అన్నాడు. "రేపట్నుంచి మడుల కాడికి నానూ వస్తాను. గొడుగు నువ్వు పట్టుకో."

తిట్టలేదు, పొమ్మనలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. మర్నాటి నుంచి ఆయన ముందు, నేను వెనక, గొడుగు మధ్యలో. అన్నాళ్ళూ ఒంటరిగా గట్ల మీద తిరిగినవాణ్ణి, ఇప్పుడు మడి మడికీ ఆగి, ఒంటి చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో నీళ్ళు తీసి నాలుక్కి రాసుకుని చెప్పాలి. ఆయన పల్చటి తెల్ల చొక్కాలు వేసేవాడు. జేబులో ఖాకీ కవరు మూల పైకి కనిపిస్తూ ఉండేది. చొక్కా మార్చినా కవరు కొత్త చొక్కాలోకి మారేది. ఒకరోజు మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే, ఆ కాగితం తడవకూడదని గొడుగు ముందుకి వంచాను. నా వీపు తడిసింది. ఆయన చూసి నవ్వాడు.

బావకి కబురు పెడదామంటే ఉత్తరం రాయాల్సింది బాబే. పోనీ చెప్పకుండా గరివిడి వెళ్ళి తేదీ కనుక్కుందామంటే, పోయి రావడానికి రోజంతా పడుతుంది, కొట్టులో తెలిసిపోతుంది. ఉద్యోగం దొరక్కపోతే గుడిసె కూడా పోతుంది. రోజూ పొద్దున్నే లేవగానే, ఆ తేదీ ఇవాళేనేమో అనుకునేవాణ్ణి. సాయంత్రమయ్యాక, అయిపోయిందేమో అనుకునేవాణ్ణి.

నా భార్యకి నా మీద విసుగొచ్చింది. కాళ్ళకి ఆముదం రాసుకుంటూ అంది, "అడిగీ మావా. పొద్దస్తమానం ఆ నాలుకతో ఉప్పునీళ్ళు నాకుతావు, ఒక్క మాట అడగడానికి తిరగదేటి అది?"

"అడిగితే పొమ్మంటాడే."

"పొమ్మంటే పోదాం."

"ఎక్కడికి?"

ఆమె రాసుకున్న ఆముదం మళ్ళీ రాసుకుంది. నేను అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎందుకు అడగలేదో నాకు సరిగ్గా తెలియదు. భయం అంటే తేలిగ్గా ఉంటుంది. భయమే కాదు. ఆయన చెప్పాలి, చదవడం ఆయన పని, అని కూడా లోపల ఎక్కడో ఉండేది.

ఇంకొన్నాళ్ళకి, మధ్యాహ్నం బాబు నూతి దగ్గర స్నానానికి వెళ్ళినప్పుడు, చొక్కా కొట్టు గుమ్మం మేకుకి తగిలించి ఉంది. నేను అటూ ఇటూ చూసి కవరు తీసి, కాగితం విప్పాను. ఇంగ్లీషు అక్షరాలు వరసగా చీమల్లా ఉన్నాయి. వాటి మధ్య నాకు తెలిసినవి మూడు అంకెలు. పైన విడిగా ఇరవయ్యారు. దాని కింద మూలకి నాలుగు. బాగా కింద, అక్షరాల గుంపు మధ్యలో ఇరుక్కుని ఇరవయ్యొకటి. నెల సగం గడిచిందని తెలుసు, నాలుగు ఎలాగూ దాటిపోయింది. పైనున్నదే మనకు కావలసింది, కిందవాటి జోలికి పోకూడదు. ఇరవయ్యారు అని మనసులో పదిసార్లు అనుకుని, బాబు వచ్చేలోగా కాగితం ఉన్న మడతల్లోనే మడిచి పెట్టేశాను. స్టేషనుకి వెళ్ళి ఇవాళ ఎన్నో తేదీ అని అడిగితే పద్దెనిమిది అన్నారు. ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

ఆ ఎనిమిది రోజులూ గొడుగు నాకు బరువనిపించలేదు. ఆయన వెనకాల నడుస్తూ లోపల నవ్వుకున్నాను కూడా. నా భార్య సామాను చూసుకుని, తీసుకెళ్ళేవేవో ఒగ్గేసేవేవో వేరు చేసింది. ఇరవయ్యొకటో తేదీన నేను పశ్చిమం వైపు మడి దగ్గర నిలబడి, పదును వచ్చింది బాబూ, రేపు లాగొచ్చు అని చెప్పాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు తెలియలేదు.

ఇరవయ్యైదు సాయంత్రం, అత్తకి బాగోలేదని చెప్పి సెలవడిగాను. వెళ్ళిరా అన్నాడు. మర్నాడు మొదటి బండి ఎక్కాను. కొండల వైపు నక్సలైట్ల గొడవలు నడుస్తున్న రోజులు, స్టేషన్లలో పోలీసులు నిలబెట్టి ఎక్కడికి, ఎందుకు అని అడిగేవారు. నన్నూ అడిగారు. ఉద్యోగానికి అని గట్టిగా చెప్పాను. ఆ మాట నోటితో పైకి అన్నది ఆ ఒక్కసారే.

గరివిడి ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. కాపలావాడితో ఇవాళ రమ్మన్నారని చెప్పాను. కాగితమేది అన్నాడు, లేదన్నాను. లోపల్నుంచి ఒక గుమాస్తా వచ్చి జాబితా తిరగేసి, నా పేరు మీద వేలుపెట్టి చూపించాడు. ఇరవయ్యారు తేదీ కాదు, వరసలో నా నంబరు. రమ్మన్న తేదీ ఇరవయ్యొకటి. మనుషుల్ని తీసేసుకున్నారు, మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో తెలియదు. ఆయన కోప్పడలేదు. చదివించుకోలేకపోయావా అని మాత్రం అడిగాడు.

తిరుగు దారిలో బావ ఇల్లు మధ్యలోనే ఉన్నా చీపురుపల్లిలో దిగలేదు. ఏ మొహం పెట్టుకుని దిగుతాను? బండి ఆగింది, కదిలింది, నేను రెండో వైపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి బాబు అరుగు మీదే ఉన్నాడు.

"మీ అత్తకి ఎలగున్నాది?"

బాగానే ఉందన్నాను.

"గరివిడిలో ఉంతాదా మీ అత్త?" అని జేబులోంచి కాగితం తీసి విప్పి నా ముందు పెట్టాడు. అంచుల మీద నా వేళ్ళ గుర్తులు, ఉప్పు ఆరి తెల్లగా కనిపిస్తున్నాయి. "ఇరవయ్యొకటిరా తేదీ. అడిగితే సెప్పీవోణ్ణి. నువ్వు అడగలేదు." కాగితం నా చేతిలో పెట్టాడు. "ఇంద, నీదే. ఉంచుకో."

అడిగితే చెప్పేవాడా? ఈ ప్రశ్న నేను ఇప్పటికీ వేసుకుంటాను. చెప్పేవాడు కాదు అనుకుంటే ఆయన మీద కోపం వస్తుంది, చెప్పేవాడే అనుకుంటే నా మీద వస్తుంది. రెండూ పట్టుకుని ఇంకో తొమ్మిది ఎండాకాలాలు ఆ మడుల్లోనే ఉన్నాను. నా భార్య మరుసటి ఏడు మడిలోకి దిగలేకపోయింది. నా నాలుక కోసం బాబు గుడిసె ఉండనిచ్చాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఉప్పు కుప్పల మీద కప్పే తాటాకులు కుట్టేది. ఇరవయ్యారుని గురించి నన్ను ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

గరివిడి నుంచి తిరిగొచ్చిన ఆ వారమే, ఆదివారం నాడు, నాకు ఇంకో ఉత్తరం వచ్చింది. బావ ఎవరిచేతో రాయించిన కార్డు. ఈసారి బాబు జేబులో పెట్టుకోలేదు. అందరి ముందూ, ఎప్పటిలాగే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చదివాడు. "ఇరవయ్యొకటిన పొద్దున్నుంచి గేటు కాడే ఉన్నాను. నీ పేరు మూడుసార్లు పిలిసేరు. నీకు కాగితం అందిందనే అనుకున్నాను. మీ ఉప్పుబాబు ఒగ్గలేదేటి? ఆడు ఒగ్గే మడిసి కాదని మీ అక్క ముందే అన్నాది." బాబు ఒక్క మాట దాటెయ్యలేదు. 'ఆడు' అన్నచోట కూడా గొంతు మార్చలేదు. నా భార్య తల దించుకుని తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.

కార్డు పక్కన పెట్టి, కొత్త కార్డు తీసి, కలం మూత విప్పాడు.

"ఏటి రాయమంతావు?"

నాకున్నది ఆ ఒక్క కలమే. ఉన్న సంగతంతా చెబితే ఆయనే రాయాలి, రాసి అందరి ముందూ చదవాలి.

"కుదర్లేదని రాయండి బాబూ."

"ఇంకేటి?"

"అక్కని అడిగానని."

రాశాడు. పద్ధతి ప్రకారం మళ్ళీ చదివి వినిపించాడు. నేను చెప్పిందే ఉంది, ఎక్కువా లేదు తక్కువా లేదు. చిరునామా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడుగున ఉప్పు కొట్టు అని రాసి, సిరా ఆరాలి, ఎండలో పట్టుకో అని కార్డు నా చేతికిచ్చాడు. పట్టుకుని నిలబడ్డాను.