ప్రార్థన చేయించిన పరీక్ష

పుష్పలత అమలాపురంలో కొబ్బరి రైతుల సహకార సంఘం ఆఫీసులో గుమస్తా. సంఘానికి వచ్చే ప్రతి ఉత్తరానికీ జవాబు రాసేది ఆవిడే. కాయ చిన్నదైందని బొంబాయి వ్యాపారి రాసినా, లారీ మూడు రోజులు ఆలస్యమైందని ఏ రైతో రాసినా, సెక్రటరీ మాణిక్యాలరావుగారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి ఆవిడ బల్ల మీద పెట్టేవారు.

"దీనికో జవాబు రాసి పడెయ్యమ్మా. మర్యాదగా ఉండాలి. మనం ఒప్పుకున్నట్టు మాత్రం ఉండకూడదు."

"ఆయ్, అలాగేనండి" అనేది. రాసేది. ఆయన చదవకుండానే సంతకం పెట్టేవారు. ఆరేళ్ళు ఇలాగే గడిచాయి.

ఈ సంగతులన్నీ ఆవిడ నాకు చెప్పింది ఎనభై తొమ్మిదిలో, మూడు మధ్యాహ్నాలు. గొంతు ఎక్కడా పెరగలేదు, ఎక్కడా తగ్గలేదు. "అప్పుడు మీకేమనిపించింది?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఏమీ అనిపించలేదండి" అనేది. మొదట్లో దాచుకుంటోందనుకున్నాను. పోనుపోను నమ్మాను.

ఎనభై నాలుగు వేసవిలో సంఘం పాలకవర్గం ఒక మేనేజరు ఉద్యోగం కొత్తగా పెట్టాలని తీర్మానించింది. ఎం.బి.ఏ. చదివినవాళ్ళకే అది ఇవ్వాలని కూడా రాసుకున్నారు. ఆ తీర్మానాన్ని శుభ్రంగా ఎత్తి రాసింది పుష్పలతే. రాసి ఇచ్చాక మాణిక్యాలరావుగారు ఆవిడ వంక చూసి, "నువ్వే చదువుకుని రాకూడదూ?" అన్నారు.

"నేనాండి?"

"ఈ ఆఫీసు నడిపేది నువ్వే కదమ్మా, నాకు తెలీదా? రెండేళ్ళు జీతం లేని సెలవు ఇప్పిస్తాను. ఈ మేనేజరు ఉద్యోగం అలా అట్టే పెట్టిస్తాను. కానీ వచ్చే జూన్ లోపల సీటు వచ్చినట్టు కాగితం తెచ్చి చూపించాలి. లేదంటే బయటివాణ్ణి వేసేసుకుంటారు. ఆపైన నా చేతిలో ఏం లేదు."

అప్పటికి పుష్పలతకి ఇరవై ఎనిమిదేళ్ళు. బి.కాం. ఎప్పుడో అయిపోయింది. ఇకముందు కూడా ఎవరో సంతకం పెట్టే ఉత్తరాలు రాస్తూ ఉండాలా, తన సంతకమే పెట్టుకోవాలా అన్నది ఆ జూన్ లోపల తేలిపోవాలి.

ఆఫీసులో టైపు చేసే కామాక్షి ఆవిడకి స్నేహితురాలు. కామాక్షి అన్నగారిది వాల్తేరులో ఉద్యోగం. ఆయన రెండు పరీక్షల వివరాలూ సంపాదించి పోస్టులో పంపాడు. ఒకటి దేశంలోని పెద్ద మేనేజ్‌మెంటు సంస్థలు కలిసి పెట్టే పరీక్ష. రెండోది వాల్తేరులో ఎం.బి.ఏ.కి పెట్టేది. రెంటికీ దరఖాస్తులు వెళ్ళాయి. రెంటికీ హాల్ టికెట్లు వచ్చాయి. తీరా చూస్తే ఆ యేడు రెండూ డిసెంబరులో ఒకే ఆదివారం పడ్డాయి. పెద్ద పరీక్షకి హైదరాబాదు వెళ్ళాలి, వాల్తేరు పరీక్షకి కాకినాడ.

పుష్పలత పాత కేలండరు కాగితం ఒకటి తిరగేసి, మధ్యన నిలువుగా గీత గీసింది. ఎడమవైపు పెద్ద పరీక్ష, కుడివైపు వాల్తేరు. ఎడమదానిలో ఒక్కో ప్రశ్నకి నిమిషం కూడా చిక్కదు, కుడిదానిలో నిమిషం పైన ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లీషు అంటే పేజీ పొడుగు వ్యాసం చదివి ప్రశ్నలకి జవాబులివ్వాలి. కుడివైపు అర్థాలూ, వాక్యాల్లో తప్పులూ. లెక్కల్లో ఎడమవైపు అంకెల పట్టికలూ బొమ్మలూ. కుడివైపు లాభనష్టాలు, కాలం-పని, వడ్డీ. అవన్నీ బడిపంతులైన వాళ్ళ నాన్న బోర్డు మీద చెప్పినవే. ఎడమదాంట్లో తప్పు రాస్తే మార్కులు కోస్తారు, కుడిదాంట్లో కొయ్యరు. రాతపరీక్ష గట్టెక్కితే ఎడమవైపు పదిమందిని చుట్టూ కూర్చోబెట్టి ఇంగ్లీషులో వాదించుకోమంటారు. కుడివైపు ఒక్క ఇంటర్వ్యూతో సరి.

మధ్యాహ్నం కేరియర్లు విప్పుకున్నప్పుడు కామాక్షి ఆ కాగితం అందుకుంది.

"ఏవిటే ఇది, పెళ్ళిసంబంధాలు రాసుకున్నట్టుంది! ఎడమవైపు పెళ్ళికొడుక్కి హోదా ఉంది. కుడివైపువాడు మనకి అందుతాడు."

"కుడివైపు అబ్బాయినే చేసుకుంటాను."

"మంచిదే. వీధిలో చెప్పుకోడానికి మాత్రం ఎడమవాడే బాగుంటాడు సుమా" అంది కామాక్షి, పెరుగన్నం కలుపుకుంటూ.

అలా అక్టోబరులోనే పుష్పలత మనసులో తేల్చేసుకుంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఇంకా టైముందిలే అనుకుంది.

ఇల్లు రాజోలు దగ్గర పల్లెలో. తండ్రి సీమోను మాస్టారు మిషను బడిలో ముప్పయ్యొక్క ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఊళ్ళో చర్చి సంఘానికి పెద్ద. తల్లి దానమ్మ. ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేది పుష్పలత. వాళ్ళ చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. పనిమీద ఆదివారం ఆరాధనకి రాలేనివాళ్ళు ముందు వారం ఆ సంగతి అందరి ఎదుటా చెప్పించుకోవాలి. అప్పుడు పాస్టరుగారు ఆ పని కోసం పేరుపెట్టి ప్రార్థన చేస్తారు. ఎరువుల కోసం రాజమండ్రి వెళ్ళినా అంతే, కూతురి పురిటికి వెళ్ళినా అంతే.

పరీక్షకి ముందు ఆదివారం, పాటలయ్యాక సీమోను మాస్టారు లేచి నిలబడ్డారు.

"వచ్చే ఆదివారం మా పుష్పలత ఆరాధనకి రాలేకపోతోందండి. భారతదేశం మొత్తానికి కలిపి పెట్టే పరీక్ష ఒకటుంది. అది రాయడానికి హైదరాబాదు వెళ్తోంది. సంఘం సెలవు ఇవ్వాలి, ప్రార్థన చెయ్యాలి."

హార్మోనియం మెట్ల మీద ఆవిడ వేళ్ళు అలాగే ఉండిపోయాయి. రెండు పరీక్షలున్నాయని ఆయనకి తెలుసు. రెంట్లో పెద్దది ఏదో ఆ పేరు చెప్పారు, అంతే. పాస్టరుగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. హైదరాబాదు పేరు చెప్పారు, రైలు తోలేవాడికోసం అడిగారు, ప్రశ్నలు తయారుచేసే పెద్దలకీ, దిద్దేవాళ్ళకీ దయగల మనసు ఇవ్వమన్నారు. ఆడవాళ్ళ వైపు నించి ఆమెన్లు గట్టిగా వినిపించాయి. బయటికి వచ్చాక పెద్దావిడ చిన్నమ్మలుగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఢిల్లీవాళ్ళు పెట్టే పరీక్షంట కదే తల్లీ!" అని కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర పుష్పలత నోరు విప్పింది.

"నాన్నగారండీ, నేను కాకినాడ వెళ్దామనుకుంటున్నానండి."

"కాకినాడేంటమ్మా?"

"వాల్తేరు పరీక్ష అక్కడేనండి. అదైతే నాకు వస్తుంది."

సీమోను మాస్టారు ముద్ద పళ్ళెంలోనే వదిలేశారు. దానమ్మ అందుకుంది. "పోనిద్దురూ. రెండూ పరీక్షలే కదా. ఏది రాస్తే దానికి సాయం చెయ్యడం దేవుడికి తెలీదేంటి?"

"దేవుడికి తెలుసే. సంఘానికేం చెప్తావు? ఒకదానికి ప్రార్థన చేయించుకుని ఇంకోటి రాసొచ్చిందంటే అది మోసం కాదూ? పాస్టరయ్యగారు ఊరి పేరుతో సహా అడిగేరు."

"ఊరి పేరు మీరు చెప్తేనే కదండీ ఆయన అడిగేరు."

"దానమ్మా, కాస్త ఊరుకో."

పుష్పలత ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. "సరేనండి" అంది. చారు పోసుకుంది. అంతకంటే ఎందుకు మాట్లాడలేదని అడిగాను. "అయిపోయింది కదండీ" అంది.

తల్లీ కూతుళ్ళు రాజమండ్రిలో రైలెక్కారు. పరీక్ష హాలు పెద్దది. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తనకంటే చిన్నవాళ్ళు, చాలామంది చేతికి గడియారాలున్నాయి. పేపరు మొదటి పేజీలో, తప్పు జవాబులకి మార్కులు కోస్తామన్న సంగతి నల్లటి అక్షరాల్లో ఉంది. ఆ సంగతి ఆవిడకి కొత్త కాదు. కేలండరు కాగితం మీద స్వయంగా రాసుకున్నదే. తెలిసినవి పెట్టుకుంటూ పోయింది. ఇంకా పది నిమిషాలున్నాయని హెచ్చరించేసరికి యాభై దాకా మిగిలాయి.

సీమోను మాస్టారి బడిలో ఒక నియమం ఉండేది. పలక మీద ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. తెలియకపోతే తెలిసినంత రాయాలి. ఖాళీగా వదిలినవాడు బల్లెక్కి నిలబడాలి. తప్పు రాసినవాడు కూర్చోవచ్చు. "తప్పు రాసినోణ్ణి దిద్దచ్చు, రాయనోణ్ణి ఏం చేస్తాం?" అనేవారాయన. ఆయన కూతురు కూడా ఆ బడిలోనే అయిదో తరగతి వరకూ చదివింది.

ఆ పది నిమిషాల్లో పుష్పలత యాభైకి యాభై నింపేసింది. చదవలేదు. చదవడానికి టైము లేదు. వద్దని తెలుసు, మార్కులు పోతాయనీ తెలుసు. చెయ్యి ఒక్కో గడికీ వెళ్తోంది, పెన్సిలు పెడుతోంది, పక్క గడికి పోతోంది. "ఎవరో పెడుతుంటే పక్కన నిలబడి చూసినట్టుందండి" అంది నాతో.

బయట సిమెంటు బల్ల మీద దానమ్మ కేరియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎలా రాసేవే?"

"అన్నీ రాసేనమ్మా."

"ముందు తిను, మొహం పీక్కుపోయింది."

నిమ్మకాయ పులిహోర తిన్నారు. సీటు రాదని అప్పటికే పుష్పలతకి తెలుసు. మర్నాడు సీమోను మాస్టారు బస్సు దగ్గరికి ఎదురొచ్చారు. సంచీ అందుకుంటూ ఒకే ఒక్క మాట అడిగారు.

"ఎన్ని వదిలేవమ్మా?"

"ఏవీ వదల్లేదండి."

"ఆయ్! అదీ!" అన్నారు. ఇల్లు చేరేదాకా ఇంకేం అడగలేదు. ఆ పై ఆదివారం చర్చి మెట్ల మీద నలుగురు పెద్దమనుషులకి చెప్పారు, "మావాడు ఒక్కటంటే ఒక్కటి వదల్లేదండి" అని. ఆయన కూతుర్ని సంతోషంలో మావాడు అనేవారు.

ఫిబ్రవరిలో కార్డు వచ్చింది. తర్వాతి దశకి మిమ్మల్ని పిలవలేకపోతున్నాం అని రెండు వరుసలు. ఆవిడ అది మాణిక్యాలరావుగారికి చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి, "మర్యాదగానే రాసేరమ్మా" అన్నారు. జూన్ మొదటి వారంలో రాజమండ్రి నించి కొత్త మేనేజరు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మంచివాడు, అందర్నీ అండీ అనే పిలుస్తాడు. ఫైళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో అతనికి చూపించే పని పుష్పలతకి అప్పగించారు.

"మీరూ ఎం.బి.ఏ.కి రాసేరని విన్నానండి?" అన్నాడతను.

"రాసేనండి. ఇది లారీల ఫైలండి" అంది.

ఇంట్లో సీమోను మాస్టారు ఆ విషయం ఎత్తలేదు. ప్రార్థన చేయించుకున్నవాళ్ళు ఫలితం తెలిశాక లేచి సాక్ష్యం చెప్పాలి. మంచైనా చెడైనా చెప్పాలి. ఆయనే పెద్ద కాబట్టి వారం వారం వాయిదా వేస్తూ వచ్చారు. జూలైలో ఒక ఆదివారం పాస్టరుగారే పిలిచారు. పుష్పలత హార్మోనియం దగ్గర్నించి లేచింది.

"నాకు సీటు రాలేదండి. మీరందరూ ప్రార్థన చేసేరు. మీ ప్రార్థనలో లోపం లేదండి" అంది.

"వచ్చే యేడు ఇదే పరీక్షకి సంఘమంతా ఉపవాస ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరుగారు.

"వద్దండి" అంది పుష్పలత.

చర్చిలో ఆడమనిషి వద్దనడం అంతవరకూ అక్కడ ఎవరూ విని ఎరగరు.

"వచ్చే యేడు ఏది రాయాలో నేను చూసుకుంటానండి. చెయ్యదల్చుకుంటే పరీక్ష పేరు చెప్పకుండా చెయ్యండి ప్రార్థన."

కూర్చుంది. పాస్టరుగారు ఒక్క క్షణం తడబడి, పేరు లేకుండానే ప్రార్థన ముగించారు. చాలా చిన్నదైంది. మీ గుండె దడదడలాడలేదా అని అడిగాను. లేదంది. తర్వాతి పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో చూసుకున్నానంది.

ఇంటికి నడిచి వస్తుంటే, కాలవ గట్టు మీద సీమోను మాస్టారు వెనకనించి అన్నారు. "అందరిలో అలా అనేశావేంటమ్మా? ముందు నాతో ఒక మాట అనకూడదూ?"

"మీరూ ముందు నాతో అనలేదు కదండీ."

కొంతదూరం నడిచాక, "అన్నీ రాసేవు కదా, మరి ఎలా పోయిందంటావు?" అన్నారాయన.

"అన్నీ రాసేను కాబట్టే పోయిందండి. తప్పు రాస్తే కోస్తారు. ఖాళీగా వదిలితే కొయ్యరు."

"ఖాళీగా వదిలితే కొయ్యరా?"

"కొయ్యరండి."

ఆయన ఆగిపోయారు. పుష్పలత నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. ఆయన చేతికర్ర మట్టిలో గుచ్చి, కాలవలో నీళ్ళకేసి చూస్తున్నారు. "మరి నేను బడిలో అందరికీ వదలొద్దనే చెప్పేనే" అన్నారు చివరికి, తనలో తనే అనుకున్నట్టు. ఆవిడకి ఆయన్ని ఓదార్చాలని తోచిందట. దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలోని బైబిలు తీసుకుంది. ఇద్దరూ ఇంటికి వెళ్ళారు.

ఆ డిసెంబరులో పుష్పలత వాల్తేరు పరీక్ష రాసింది. కాకినాడ వెళ్తున్నానని చర్చిలో చెప్పించుకుంది, ఎందుకో చెప్పలేదు. ఎనభై ఆరు జూన్‌లో సీటు వచ్చినట్టు కాగితం అందింది. మేనేజరు ఉద్యోగం అప్పటికే నిండిపోయింది, ఇక సెలవు ఇవ్వడానికి కారణం లేదన్నారు మాణిక్యాలరావుగారు.

"మరైతే ఉద్యోగం వదులుకుని ఎందుకు వెళ్ళేరు?" అన్నాను.

"సీటొచ్చింది కదండీ" అంది పుష్పలత.

రాజీనామా రాసి ఇచ్చింది. మాణిక్యాలరావుగారు చదివారు. ఆవిడ ఉత్తరం ఆయన పూర్తిగా చదవడం అదే మొదటిసారి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి మళ్ళీ ఆవిడ బల్ల మీదే పెట్టారు.

"దీనికి జవాబు రాయాలి కదమ్మా" అన్నారు. "మరి రాసేవాళ్ళు ఎవరున్నారు?"

"ఆయ్, రాస్తానండి" అంది.

కుమారి పుష్పలత రాజీనామాను సంఘం అంగీకరిస్తున్నదనీ, ఆమె సేవలకు కృతజ్ఞత తెలుపుతున్నదనీ నాలుగు వాక్యాలు రాసింది. కామాక్షి టైపు చేసింది. మాణిక్యాలరావుగారు సంతకం పెట్టారు. ఆవిడ ఒక నకలు ఫైల్లో పెట్టి, రెండోది మడిచి బ్యాగులో వేసుకుని రాజోలు బస్సెక్కింది.