బావ పాడుచేయని కారు

మా మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు అందరి ముందూ కారు సంగతి ఎత్తితే, మా బావ తలొంచుకుని, "బండి బాగానే ఉండేదండి, మేమే తోసి పాడుచేశాం" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అది నిజం కాదని తెలిసింది అక్కడ నా ఒక్కడికే. అయినా నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు విప్పలేదు. ఆ కారు మా బావ వల్లే పాడైందని మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డెబ్భైల మొదట్లో తిరువూరు మెయిన్ రోడ్డులో నాకు ఎరువుల కొట్టు ఉండేది. ఊళ్ళో కార్లు లేకపోలేదు. మిల్లు వాళ్ళకి ఉంది, డాక్టరుగారికి ఉంది. అవన్నీ పెద్ద బళ్ళు, నల్లవో తెల్లవో. నాది చిన్నది. బెజవాడలో ఒక ప్లీడరుగారు ఊరు మారిపోతూ నాకు అమ్మారు. ఆ రకం బళ్ళు కంపెనీ వాళ్ళు కొద్దిగానే తయారుచేసి ఆపేశారట. పైన మీగడ రంగు, కింద కాకరకాయ పచ్చ. లోపల డాష్‌బోర్డు మీద వేలెడంత ఇత్తడి బిళ్ళ, దాని మీద బండి వరస నంబరు. తాళాలు చేతికిస్తూ ప్లీడరుగారు, ఈ రంగు ఇక దొరకదు, గీత పడితే ఆ గీతతోనే ఉంచుకోవాలి అన్నారు.

ఆ మాట విన్నప్పటినుంచీ నాకు కుదురు పోయింది. కొట్లో కూర్చున్నా చెవులు ఇంటి ముందే ఉండేవి. మేక అరిస్తే లేచేవాణ్ణి, గేదె ఒళ్ళు రుద్దుతుందేమోనని. బడి వదిలే వేళకి ఏదో పని ఉన్నట్టు ఇంటికి పోయి అరుగు మీద కూర్చునేవాణ్ణి, పిల్లలు దుమ్ము మీద పేర్లు రాస్తారని. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీలోంచి చూసొచ్చేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు, "దానికి కూడా ఓ విస్తరి వెయ్యమంటారా?" అంది. నవ్వలేకపోయాను. తీరా ఆ కారులో నేను తిరిగింది చాలా తక్కువ. రోడ్డు మీద కంకర చూస్తే ప్రాణం పోయేది.

దొంగల భయం ఉంటే ఏం చెయ్యాలో కూడా ప్లీడరుగారే చూపించారు. ఇంజనులో ఒక మూత కింద బొటనవేలంత ముక్క ఉంటుంది, రోటర్ అంటారు. దాన్ని తీసి దగ్గర పెట్టుకుంటే ఎవరు ఎంత తిప్పినా బండి స్టార్ట్ అవదు. నేను రోజూ పడుకోబోయే ముందు తీసి, పొద్దున్నే పెట్టేవాణ్ణి.

మా బావది రెడ్డిగూడెం. మామిడి తోటలున్నాయి. భారీ మనిషి. నా చిన్నప్పుడు అక్కకి పెళ్ళయిన కొత్తలో నాకు సైకిలు నేర్పింది ఆయనే. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. ఆయన కూతురికి విస్సన్నపేట సంబంధం కుదిరింది. ముహూర్తాలు పెట్టుకున్న రోజు మగపెళ్ళివారి ముందు బావ నావైపు తిరిగి, "ఏరా బామ్మర్దీ, పెళ్ళికొడుకుని నీ కారులో తీసుకొద్దామా?" అన్నాడు. అందరూ నన్ను చూశారు. అంతకంటేనా అన్నాను. బావకి నేను మాట ఇచ్చిన తీరు అది. నా గొప్ప కోసం ఇచ్చాను.

పెళ్ళి వేసవిలో. ఆ రోజు పొద్దున్నే బావ తనే తిరువూరు వచ్చాడు. కొత్త పంచె, పట్టు చొక్కా. వెంట మా చుట్టాల కుర్రాళ్ళు కొందరు. వాళ్ళ చేతుల్లో పూలదండలు, రంగు కాగితాలు, కట్టడానికి ఇనప తీగె, అంటించడానికి డబ్బా నిండా మైదా జిగురు. ఒకడు అప్పుడే బానెట్టు మీద చెయ్యేసి, కాగితం ఎక్కడ అంటించాలో చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎండకి ఆ జిగురు పట్టేస్తే దాంతోపాటు రంగూ ఊడొస్తుంది. వద్దని చెప్తే మేనకోడలి పెళ్ళిలో కారు ఇవ్వనివాణ్ణవుతాను.

రోటర్ అప్పటికి నా చొక్కా జేబులో ఉంది. నేను దాన్ని కావాలని తీయలేదు, తిరిగి పెట్టలేదు, అంతే. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను.

తాళం తిప్పాను. బండి లేవలేదు. రాత్రి కూడా సతాయించింది బావా అన్నాను. బావ నమ్మాడు. దానికేముంది, తోస్తే అదే లేస్తుంది అని కండువా నడుముకి బిగించాడు. నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. బావా, కుర్రాళ్ళూ వెనకనుంచి తోశారు. మా వీధి దాటి, మెయిన్ రోడ్డెక్కి, కొట్ల ముందునుంచి తోసుకెళ్ళారు. బావ వదలమని కేకేసినప్పుడల్లా నేను క్లచ్ వదిలేవాణ్ణి. బండి ఒక్క గుంజు గుంజి ఆగేది. టీ కొట్టు దగ్గర ఎవరో, "పెళ్ళికొడుకుని కూడా ఇట్టాగే తోసుకొస్తారా?" అన్నారు. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. అద్దంలో ఆయన మొహం కనిపిస్తూనే ఉంది. చెమటకి పట్టు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక చోట భుజం ఆనించి బలంగా నెట్టేసరికి డిక్కీ మూత సొట్టపోయింది.

దిగి ఆ సొట్ట చూశాను. నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపంలో, చూడు బావా ఏం చేశారో, ఈ తోపుళ్ళకి లోపల కూడా ఏదో పోయినట్టుంది అనేశాను. బావ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

పెళ్ళికొడుకుని చివరికి ఎవరిదో జీపు దొరికితే అందులో తీసుకొచ్చారు. ఆ జీపుకి కప్పు లేదు. పెళ్ళికొడుకు దుమ్ము కొట్టుకుపోయి దిగాడు. అప్పుడే ఆ పెద్దాయన, "కారన్నారు, మేం అద్దాలెత్తుకుని కూర్చుందామనుకున్నాం" అన్నాడు. అప్పుడే బావ తప్పు తన మీద వేసుకున్నాడు. కాసేపటికి మేనమామగా పెళ్ళికూతురు కూర్చున్న బుట్ట పట్టుకోవాల్సివచ్చింది నాకు. వంగితే జేబులోంచి జారుతుందని రోటర్ని రుమాల్లో చుట్టి పంచె ముడిలో దోపుకున్నాను. పందిట్లోకి నడిచినంతసేపూ అది నడుముకి గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు ఇంటికొచ్చి ఆ ముక్క పెట్టేస్తే బండి లేస్తుంది. లేస్తే వీధి వీధంతా చూస్తుంది. నాలుగు రోజులు పోనిద్దామనుకున్నాను. ఈలోగా బావ రావడం మొదలుపెట్టాడు. ఆదివారమొస్తే రెడ్డిగూడెం నుంచి బస్సులో దిగేవాడు. బెజవాడలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, ఇలాంటి బండి సామాను ఎక్కడైనా ఉందా అని అడిగేవాడట. ఓసారి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. మూత విప్పితే రోటర్ లేదని తెలిసిపోతుంది. వేరే మనిషికి చెప్పానులే అని గుమ్మంలోంచే పంపేశాను. బావ వస్తున్నాడంటే నేను ఇంట్లో నిలవలేకపోయేవాణ్ణి. కొట్టుకి పోయేవాణ్ణి, అక్కడా కూర్చోలేక గోడౌనుకి పోయేవాణ్ణి.

వానలొచ్చాయి. కారుని వెనక పాకలోకి తోయించి గోనెపట్టాలు కప్పాను. ఎరువు బస్తాల పక్కన పందికొక్కులకి కొదవా? ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి రోటర్ పెట్టి తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. బానెట్టు కింద వైర్లన్నీ కొరికేసి ఉన్నాయి. అడుగు తుప్పు పట్టింది. ఆ సామాను ఈసారి నిజంగానే దొరకలేదు. పోనుపోను రంగు పొలుసులుగా లేచింది. చివరికి పాత ఇనుము వాడికే ఇచ్చేశాను. ఇత్తడి బిళ్ళ ఊడదీసి దాచుకున్నాను.

కారు పోయినందుకు నేను ఏడ్చి ఊరుకునేవాణ్ణే. కానీ బావ మారిపోయాడు. ఎవరి స్కూటరు ఆగిపోయినా దగ్గరికి వెళ్ళేవాడు కాదు. నా చెయ్యి పడితే మంచిది కాదనేవాడు. మొదట అది వేళాకోళంగా అన్న మాటే. చుట్టాలు పట్టుకున్నారు. కొత్త మోటారు బిగిస్తుంటే, మీ బావని అటు రానివ్వకండి అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వుతూ పక్కకి జరిగేవాడు. కొన్నాళ్ళకి ఎవరూ అనకముందే జరగడం అలవాటు చేసుకున్నాడు. అక్క ఒక్కసారి మాత్రం నాతో, ఆ కారు కొనకపోయినా బాగుండేదిరా అంది.

మొన్న ఆ మేనకోడలి భర్త విస్సన్నపేటలో ట్రాక్టరు కొన్నాడు. పూజకి అందర్నీ పిలిచాడు. ఆనాటి పెద్దాయన కూడా కుర్చీలో ఉన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్టీరింగుకి పసుపు, కుంకుమ మామగారి చేత్తో పెట్టించాలని అల్లుడి కోరిక. బావ చేతులు వెనక్కి కట్టుకుని గేటు దాకా వెళ్ళిపోయాడు.

"నా చెయ్యి వద్దు అల్లుడుగారూ. కొత్త బండి. మా బామ్మర్ది కారు సంగతి తెలుసుగా."

అందరూ నవ్వారు. పెద్దాయన మరీ గట్టిగా నవ్వాడు. ఈసారి బావ నవ్వలేదు.

నేను అప్పటికే లేచి ఉన్నాను. కుంకుమ పళ్ళెం అందుకుని గేటు దాకా నడిచాను. అందరూ వినేలా చెప్పాను.

"బావా, నీ చేతిలో ఏ బండీ పాడవలేదు. ఆ రోజు నువ్వు చెమటలు కక్కుతూ తోస్తుంటే, అది లేవకుండా చేసే ముక్క నా జేబులో ఉంది. కారు ఇవ్వడం ఇష్టంలేక నేనే ఆపాను. మాట నీ మీదికి పోతే ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. తప్పు నాది బావా, నన్ను క్షమించు. ముందు వచ్చి ఆ స్టీరింగు మీద చెయ్యి వెయ్యి."